పాట ఎత్తినోనికి మొదటి దమ్ము

సినిమా పాటలు పిల్లలకు మత్తు అలవాటు చేస్తున్నాయని, ఆ విషయం మీద నాలుగు మంచి మాటలు చెప్పమని పోయిన చలికాలంలో మెట్‌పల్లి పక్కన ఒక కాలేజీ వాళ్లు నన్ను పిలిచారు. పిలిచిన పెద్దమనిషి ఫోన్‌లో "మీరు ఈ మట్టిలో పుట్టినవారు, పైగా రచయితలు, మీరు చెబితే పిల్లలు వింటారు సార్" అన్నాడు. పిల్లలు ఎవరు చెప్పినా వినరనీ, శాలువా కప్పించుకునేవాడు చెబితే అసలే వినరనీ ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఒప్పుకున్నాను. ఒప్పుకున్నది సభ కోసం కాదు. ఆ కాలేజీకి రెండు వీధుల అవతల మా చిన్నవ్వ కూతురు లక్ష్మి ఉంటుంది. మా దగ్గర అవ్వ అంటే అమ్మ, చిన్నవ్వ మా అవ్వకు సొంత చెల్లెలు. లక్ష్మి అన్న రాజేశం పోయి చాలా ఏళ్లయింది. వాడి గురించి లక్ష్మికి చెప్పవలసిన మాట ఒకటి నా కడుపులో అన్నేళ్లుగా ఉండిపోయింది. పండుగలకూ చావులకూ ఆ ఇంటికి వెళ్లినప్పుడల్లా చెబుదామనుకోవడం, అన్నం తిని చేయి కడుక్కుని వచ్చేయడం. ఈసారైనా చెప్పకపోతే ఇక చెప్పేది కాటి దగ్గరే అనిపించింది.

సభ ఎలా జరుగుతుందనుకున్నానో అలాగే జరిగింది. అధ్యక్షుడు బుగ్గలో జర్దా పాన్ బిగించి, మధ్య మధ్య వేదిక వెనక్కి వెళ్లి ఉమ్మి వస్తూ, మత్తు పదార్థాల వల్ల కలిగే నష్టాలు వివరించాడు. ఒక లెక్చరర్ కొత్త సినిమా పాటల్లో మందు గురించీ పొగ గురించీ ఉన్న మాటలన్నీ కాగితం మీద రాసుకొచ్చి చదివాడు. ఖండించడానికే చదివాడు గానీ రాగం తీసి మరీ చదివాడు. వెనక వరుసల్లో పిల్లలు ఆయన ఆపిన చోట అందుకుని మిగతాది పాడారు. ఆయన మురిసిపోయాడు, తన ఉపన్యాసానికి అంత స్పందన వస్తుందని అనుకోలేదేమో. నా వంతు వచ్చింది. అందరూ అన్నదే నేనూ అన్నాను, కాస్త మంచి తెలుగులో. అంతా అయ్యాక చివరి వరుసలో ఒక అమ్మాయి లేచి, "సార్, మీ కాలంల పాటలు ఇని ఎవలన్న కరాబయిండ్రా?" అని అడిగింది. ఆ రోజు మొత్తంలో పనికొచ్చే మాట అదొక్కటే. "మా కాలంలో పాటలు మంచివమ్మా" అన్నాను. చప్పట్లు మోగాయి. అరవై దాటిన మనిషిని, మనవరాలి వయసున్న పిల్లకు పచ్చి అబద్ధం చెప్పి శాలువా కప్పించుకున్నాను.

మా కాలంలో ఏం ఉండేదో చెబుతాను. చిన్నవ్వ ఇల్లూ మా ఇల్లూ ఒకే వాకిలి మీద ఉండేవి. మా బాపు సాంచెల మీద పనిచేసేవాడు. పవర్‌లూమ్‌లను మా దగ్గర సాంచెలంటారు. పొద్దున ఆరింటికి మొదలైన టకటకలు మా పళ్ల సందుల్లో కూడా వినిపించేవి. మా వాడలో ఎవరూ మెల్లగా మాట్లాడరు. కొత్తగా వచ్చిన చుట్టాలు మేం పోట్లాడుకుంటున్నామనుకునేవారు. ఆడవాళ్లు బీడీలు చేసేవారు. చాటలు ఒళ్లో పెట్టుకుని, నానబెట్టిన తునికాకును కత్తెరతో ఒకే కొలతకు కత్తిరించి, పొగాకు పోసి, చుట్టి, దారం కట్టి పడేసేవారు. చిన్నవ్వ చేతి వేగానికి చూసేవాళ్ల కండ్లు తిరిగేవి. ఇంట్లో అన్నానికి పొగాకు వాసన, దుప్పట్లకు పొగాకు వాసన, పుస్తకాలకు పొగాకు వాసన. లక్ష్మి ఎనిమిదో ఏటనే చాట ముందు కూర్చుంది. చంటిపిల్లలు ఆ ఘాటుకే మగతగా పడుకునేవారు, పని సాగుతుందని తల్లులు సంతోషపడేవారు. ఈ బీడీల ఇళ్లల్లోనే మగపిల్లవాడి నోట్లో బీడీ కనిపిస్తే చెప్పు తెగేదాకా కొట్టేవారు. ఊరంతటికీ పొగ చుట్టి పంపిన చేతులతోనే కొట్టేవారు.

ఇక కల్లు సంగతి. పిల్లకు జ్వరమొస్తే కల్లు, కడుపు నొప్పంటే కల్లు, చుట్టమొస్తే కల్లు, చుట్టం పోతే పీడ పోయిందని కల్లు. అది తాగుడు కాదట. మా తాత నా చేత మొదటి గుక్క తాగించినప్పుడు నాకు పళ్లు కూడా సరిగ్గా రాలేదని అవ్వ గొప్పగా చెప్పుకునేది. మంచి చెట్టు కల్లు కనుక బతికాం. తర్వాత తర్వాత దుకాణాల్లో మందు కలిపిన తెల్లనీళ్లు వచ్చాయి, అది వేరే కథ. నేను చెప్పేదేమంటే, మత్తు అనేది మా ఊళ్లోకి ఏ పాటతోనూ బయటి నుంచి రాలేదు. పీట వేసుకుని ముందు నుంచీ మా మధ్యనే కూర్చుని ఉంది. దాని పేర్లు మాత్రం వేరు. కొన్నిటిని మందు అనేవారు, కొన్నిటిని ఆచారం అనేవారు. మనకు గిట్టనివాడు చేస్తే మాత్రం వ్యసనం.

ఆచారాలన్నిటికీ పెద్ద దిక్కు మల్లయ్య తాత. పన్నెండు సాంచెల ఆసామి, భజన గురువు. నుదుట విభూది, మెడలో రుద్రాక్షలు, చెవుల మీద తెల్లని వెంట్రుకలు. తన సాంచెల షెడ్డు వెనక రేకులు కప్పిన ఒక గది కట్టించి దానికి మఠం అని పేరు పెట్టాడు. ప్రతి సోమవారం పొద్దు గూకుతుంటే సాంచెలు ఆగేవి, మఠంలో హార్మోనియం మొదలయ్యేది. వారం రోజులు షెడ్డులో కూలీల వీపు మీద ఎక్కి కూర్చున్న మనిషి ఆ పూట మాత్రం దేహం మాయ, సొమ్ము మాయ అని పాడేవాడు. గోదావరి దాటి నిర్మల్ వైపు నుంచి నెలకోసారి ఒక గోసాయి వచ్చేవాడు. అతని సంచిలో గంజాయి ఉండేది. మఠంలో దాన్ని చిలుంలో నింపి ముట్టించేవారు. దానికొక పద్ధతి ఉంది. పాట ఎత్తినవాడికి మొదటి దమ్ము ఇవ్వాలి. ఎవరు తత్వం ఎత్తుకుంటే చిలుం ముందు వాళ్ల చేతికి పోవాలి, తర్వాతే గురువుకైనా. ఊరి పెద్దలందరూ ఆ పద్ధతిని కళ్లకద్దుకునేవారు. "దేవుని కాడ తాగితె తాగుడు గాదు బిడ్డా" అని మా అవ్వ కూడా అనేది. దేవుడు అడ్డం చెప్పలేదు కనుక ఒప్పుకున్నట్టే అని వాళ్ల లెక్క.

నేనప్పుడు ఇంటర్ చదివేవాణ్ని. సైకిల్ మీద మెట్‌పల్లి పోయి రావడం, లైబ్రరీలో నాలుగు పుస్తకాలు చదవడం, ఊళ్లో వాళ్లంతా మూర్ఖులని తేల్చుకోవడం. ఆ తేల్చుకోవడం తప్పేమీ కాదు. తప్పంతా నన్ను మినహాయించుకోవడంలో ఉంది. మా దగ్గర కాముని పున్నానికి, అంటే హోలీకి, ముందు మగపిల్లలు కోలలు పట్టుకుని ఇంటింటికీ తిరిగి జాజిరి ఆడతారు. ఇంటి ముందు నిలబడి ఆ ఇంటివాళ్ల మీద పాట కట్టి పాడాలి. మెచ్చుకోవచ్చు, ఎత్తిపొడవచ్చు. ఎంత ఎత్తిపొడిచినా ఆ పది రోజులు ఎవరూ కోపం తెచ్చుకోకూడదు, చాటెడు గింజలు పొయ్యాలి. ఆ ఏడాది మల్లయ్య తాత గడప ముందు పాడడానికి నేనొక పాట కట్టాను. మఠాన్ని ఉతికి ఆరేద్దామని కట్టాను.

సోమారమొచ్చింది చిలుమెలిగింది
మబ్బోలె పొగ లేచి మఠం మునిగింది
దమ్ము గుంజిన తాత దేవుడయ్యిండు
ఇంట్ల గింజలు లేవు ఇంద్రుడయ్యిండు

ఇలా మరో ఎనిమిది చరణాలు. ఇప్పుడు చూస్తే ఏమంత గొప్ప పాట కాదు. కానీ పాడింది రాజేశం. వాడికి పదిహేనేళ్లు. వాళ్ల బాపు భీవండి సాంచెల మీద పనికి పోయి రెండేళ్లకొకసారి వచ్చేవాడు. ఇంట్లో మగదిక్కు అంటే వాడే, వాడికి దిక్కు నేను. నేను చదివిన పుస్తకం చదవకపోయినా చంకలో పెట్టుకుని తిరిగేవాడు. నేను క్రాపు ఎటు దువ్వితే వాడూ అటే దువ్వేవాడు. సాంచెల చప్పుడు మీదుగా వినిపించే గొంతు మా వాడలో వాడొక్కడిదే. నా గొంతు పగిలిన డబ్బా. అందుకే నేను రాయడం, వాడు పాడడం. మేం మల్లయ్య తాత ముందు కోలలు కొడుతూ పాడాం. చుట్టూ జనం మూగారు. తాత మొహం మాడిపోతుందని నేను కాచుకుని ఉన్నాను. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. పాట అయ్యాక నవ్వాడు, రెండు చాటల గింజలు పోయించాడు.

"ఎవలు కట్టిండ్రు రా గీ పాట?"

"మా అన్న తాతా" అన్నాడు రాజేశం, నన్ను ముందుకు నెట్టి.

"నీ నాలుక మీద సరస్వతి ఉన్నది బిడ్డా" అని మల్లయ్య తాత నా నెత్తి మీద చెయ్యి పెట్టాడు. "మఠం మీద ఇంత మంచి పాట నా జన్మల ఇనలే. ఒక్క మాట జర కష్టంగ ఉన్నది. పండుగ పూట గింజలు లేవనుడు ఎందుకు? ఇంటి బాధలు మరిచి ఇంద్రుడయ్యిండు అను. తత్వమయితది. సోమారం మఠంల పాడిపిద్దాం."

పాటలో విషమంతా ఆ గింజల మాటలోనే ఉంది. అది తీసేస్తే మిగిలేది చిలుం పొగడ్త. పదిహేడేళ్లకే నాకు ఆ సంగతి శుభ్రంగా తెలుసు. అయినా మార్చాను. ఆలోచించుకోవడానికి ఒక పూట గడువు కూడా అడగలేదు, అక్కడికక్కడే తల ఊపాను. ఎత్తిపొడవడానికి పోయినవాణ్ని, నెత్తి మీద చెయ్యి పెట్టగానే కరిగిపోయాను. నా తరవాతి జీవితంలో శాలువాలు కప్పినవాళ్లందరికీ నేనెంత సులభంగా దొరికానో ఆ రోజే చూసి ఉంటే, రాయడం మానేసి ఏదన్నా కిరాణా దుకాణం పెట్టుకునేవాణ్ని.

సోమవారం రాజేశం మఠంలో పాట ఎత్తాడు. హార్మోనియం మీద నా మాటలు, ఇరవై మంది ముసలాళ్ల తాళాలు. పాట అయిపోయింది. చిలుం ముట్టించారు. పాట ఎత్తింది వాడు కనుక చిలుం వాడి చేతికి పోయింది. ఎవరో ఒకరిద్దరు "పిలగాడు గదా" అని గొణిగారు. "పద్ధతి పద్ధతే, పాటకు వయసుంటదా?" అన్నాడు మల్లయ్య తాత. వాడు ఇటు నా వైపు చూశాడు. నేను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. తల అడ్డంగా ఊపితే చాలు, వాడు చిలుం కింద పెట్టేసేవాడు. నేను ఊపలేదు. వాడు దమ్ము లాగి, దగ్గి, కళ్లలో నీళ్లు తిరుగుతుంటే నవ్వాడు. ముసలాళ్లందరూ శివుని పేరు పలికారు.

ఆ తర్వాత ప్రతి సోమవారం వాడే పాడాడు. ఆరేడు వారాల్లో నా పాట బడి పిల్లల నోళ్లలో పడింది. వాళ్లకు గింజల మాట తెలియదు, మార్చిన పాటే తెలుసు. సాంచెల షెడ్డు వెనక నలుగురైదుగురు పిల్లలు ఆ పాట పాడుకుంటూ, గోసాయిని బతిమాలి తెచ్చుకున్న గంజాయి పొడితో బీడీలు నింపుకుంటూ కనిపించేవారు. బీడీలు ఇంట్లో దొరికేవే. వాళ్లలో చాలామంది ఒకటి రెండు నెలల్లో మానేశారు, తండ్రులు తన్ని మాన్పించారు. రాజేశాన్ని తన్నేవాడు భీవండిలో ఉన్నాడు. వాడొకరోజు బావి గట్టు మీద కూర్చుని నాతో అన్నాడు.

"అన్నా, దమ్ము గుంజినంక పాడితె నీ పాట ఇంకోతీర్గ ఉంటదే. నువ్వు రాసింది రాసినట్టు కండ్ల ముందల కనవడ్తది. మబ్బోలె అన్నవు జూడు, నిజంగ మబ్బే."

పాట పిల్లవాణ్ని ఏం చేయగలదు, ఏం చేయలేదు అని పెద్ద పెద్ద చర్చలు చేస్తారు. నాకు తెలిసింది ఆ బావి గట్టు మీద తెలిసినంతే. పాట వాడి చేత చిలుం పట్టించలేదు, ముసలాళ్లు పట్టించారు. పట్టిన తర్వాత వాడికి కలిగిన మైకానికి పేరు పెట్టి, అది చాలా మంచిదని చెప్పింది మాత్రం నా పాట. వాడికి తల తిరిగితే మామూలుగా వాంతి చేసుకుని మానేసేవాడేమో. నా పాట అడ్డం వచ్చి, నీకు జరుగుతున్నది తల తిరగడం కాదు, ఇంద్రుడవడం అని చెప్పింది. ఆ మాట విన్నప్పుడు నాకు భయం వేయాలి. నాకు గర్వం వేసింది. ఒక పాఠకుడు నా మాటలను కళ్లతో చూస్తున్నాడని పొంగిపోయాను.

ఆ ఏడాదంతా నేను సోమవారాలు మఠం లోపలికి వెళ్లలేదు. చదువుకున్నవాణ్ని, ఆ ముసలి మూకతో కూర్చుంటానా? గోడ అవతల కుప్పగా పోసిన పాత నూలు పెట్టెల మీద కూర్చునేవాణ్ని. కిటికీ సందులోంచి అంతా కనిపించేది. పాట వినేవాణ్ని, చిలుం వాడి చేతికి పోవడం చూసేవాణ్ని, రెండో దమ్మూ మూడో దమ్మూ చూసేవాణ్ని. "రాజేశం, ఇంటికి పోదాం పా" అని ఒక్క కేక వేస్తే సరిపోయేది. వేయలేదు. ఎందుకు వేయలేదంటే, వాణ్ని పిలుచుకుపోతే నా పాట పాడేవాడు ఇంకొకడు లేడు. ఇంతకన్నా గొప్ప కారణమేదైనా ఉందేమోనని నలభై ఏళ్లు వెతికాను. లేదు.

వాడు బడి మానేశాడు. సాంచెల మీద పనికి పోతే పోగు తెగింది కూడా చూసుకునేవాడు కాదు, మల్లయ్య తాతే పనిలోంచి తీసేశాడు. సోమవారం ఇంద్రుడు, మంగళవారం పనికిమాలినవాడు. ఇంట్లో వస్తువులు మాయమవడం మొదలైంది. అన్నం తినమంటే చిన్నవ్వ మీద చెయ్యెత్తాడు. ఒక పగలు చిన్నవ్వ చాట పక్కన పెట్టి, పొగాకు చేతులు కొంగుకు తుడుచుకుంటూ మా ఇంటికి వచ్చింది. లక్ష్మి వెనకే వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"నువ్వు సదువుకున్నోనివి బిడ్డా. వాడు నీ ఎనుకనే తిరిగేటోడు. వానికేమయింది? జర నువ్వన్న చెప్పు, నాకు పరేషానయితుంది."

నిజం నాలుక దాకా వచ్చింది. అది చెబితే పాట కట్టింది ఎవరు, మాట మార్చింది ఎవరు అన్నవీ చెప్పాలి. "సినిమా పాటలు చిన్నవ్వా" అన్నాను. "బస్టాండు కాడ యాదగిరి దుకాణంల టేపులు పెడుతుండు గదా. గవి ఇని ఇని చెడిపోతుండ్రు పోరగాండ్లు."

యాదగిరి సైకిళ్లు కిరాయికి ఇచ్చేవాడు, దుకాణం ముందు టేప్‌రికార్డర్ పెట్టి క్యాసెట్లు అమ్మేవాడు. బక్కమనిషి, ఎవరి జోలికీ పోయేవాడు కాదు. చిన్నవ్వ నా మాట పట్టుకుని వాడంతా తిరిగింది. చదువుకున్న పిల్లవాడు చెప్పాడని చెప్పింది. ఊరి పెద్దలకు ఆ మాట ఎంత నచ్చిందో చెప్పలేను. వారం తిరగకుండా మల్లయ్య తాత ముందు నడుస్తూ ఇరవై మందిని బస్టాండుకు తీసుకుపోయాడు. అందులో మఠం తాళాలు కొట్టేవాళ్లే ఎక్కువ. క్యాసెట్లన్నీ రోడ్డు మీద పోసి తొక్కారు. టేపులు బయటికి లాగితే గాలికి లేచి కరెంటు తీగలకు చుట్టుకున్నాయి. యాదగిరి అడ్డుపడలేదు. కూర్చున్న స్టూలు మీదనే కూర్చుని అన్నాడు.

"నా దుకాణంల పాట దొరుకుతది తాతా. చిలుం దొరుకుతదా? దేవులాడుర్రి, దొరికితె నన్ను కట్టేయుర్రి."

గురివింద గింజ కిందికి చూసుకోదు. మల్లయ్య తాత కూడా చూసుకోలేదు. "నోరు లేస్తుందేం రా" అని టేప్‌రికార్డర్ ఎత్తి కొట్టించాడు. నేను ఎదురుగా చాయ్ హోటల్లో కూర్చుని చూశాను. యాదగిరి ఆ ఎండాకాలమే దుకాణం ఎత్తేసి భైంసా పోయాడని విన్నాను. తర్వాతి సోమవారం మఠంలో భజన మామూలుగానే జరిగింది. ఊరు బాగుపడినందుకు ఆ రోజు ప్రత్యేకంగా శనగలు పంచారు.

నేను పై చదువులకు కరీంనగర్ వెళ్లిపోయాను. ఎప్పుడో ఒకసారి వచ్చినప్పుడు రాజేశం కనిపించేవాడు. గంజాయి నుంచి మందు కల్లుకు దిగాడు, అది దొరకని పూట చేతులు వణికేవి, గోడలతో మాట్లాడేవాడు. గొంతు ముందే పోయింది. ముప్పై నిండకముందే ఒక ఎండాకాలం మనిషీ పోయాడు. మల్లయ్య తాత ఎనభై దాటి బతికాడు. పోయినప్పుడు ఊళ్లో సాంచెలన్నీ ఒక పూట ఆపారు. ఇప్పుడు ఆ మఠం లేదు. ఇప్పటి పిల్లలకు చిలుం పట్టుకునే ఓపిక లేదు, గంజాయి చాక్లెట్లలోనే దొరుకుతోందట. పాటలు చెవుల్లోనే ఉంటున్నాయి, పక్కవాడికి కూడా వినిపించవు. అయినా పెద్దల పద్ధతి ఏమీ మారలేదు. పాన్ నములుతూ వేదికెక్కి ఆనాటి నా అబద్ధాన్నే మైకులో చెబుతున్నారు. దాన్ని పుట్టించినవాణ్నే ముఖ్య అతిథిగా పిలుస్తున్నారు.

సభ అయ్యాక శాలువా సంచిలో కుక్కుకుని లక్ష్మి ఇంటికి నడిచాను. మిట్టమధ్యాహ్నం. ఆమె ఇంకా బీడీలు చేస్తూనే ఉంది, వేళ్లు వంకర్లు పోయాయి. నన్ను చూడగానే చాట పక్కన పెట్టి లేచింది. "ఫోన్ చేసినవని కోడిని కోయించిన. ఉడుకుతుంది. గింత సేపు కూసో అన్నా, తినే పోవాలె" అంది. లోపలి నుంచి కూర వాసన వస్తోంది. నేను కూర్చోకముందే మొదలుపెట్టాను, కూర్చుంటే మళ్లీ చెప్పలేనని తెలుసు.

"లక్ష్మీ, మఠంల రాజేశం పాడిన పాట నేనే కట్టిన."

"ఎరికే" అంది. "వాడు ఊరంత చెప్పిండు గదా. మా అన్న కట్టిండు, మా అన్న కట్టిండని మస్తు మురిసేటోడు. నువ్వు మాట మార్చింది గూడ చెప్పిండు."

"టేపుల మాట గూడ..."

"అప్పుడు నేను గుమ్మం కాడనే ఉంటి. అబద్ధమని నాకప్పుడే తెలిసింది. యాదగిరి మంచోడు, నాకొకనాడు ఊరికెనే సైకిల్ ఇచ్చిండు." ఆమె గొంతులో కోపం లేదు. "చిన్నగున్నవు, భయపడ్డవు. దానికేందన్నా ఇప్పుడు? అవ్వ గూడ నిన్ను ఏమనలే. పాటకు మనిషి చస్తడా? ముసలోల్లు పాడు చేసిండ్రు వాన్ని. కూసో."

అంత సులభంగా అయిపోతుందని నేననుకోలేదు. అక్కడితో ఆపి కాళ్లు కడుక్కుంటే ఎవరూ కాదనేవారు కాదు. చెప్పాలని వచ్చింది అది కాదు.

"నేను గోడ అవుతల కూసునేటోన్ని" అన్నాను. "ప్రతి సోమారం. కిటికీలకెళ్లి కనవడేది. చిలుం వాని చేతికి వచ్చుడు, వాడు గుంజుడు, అన్ని చూసిన. ఏడాది చూసిన. పిల్వలే. వాన్ని తీసుకపోతే నా పాట పాడేటోడు ఉండడని పిల్వలే."

లక్ష్మి నా మొహంలోకి చూసింది. ఆమె మొహంలో ఏదో లెక్క నడుస్తున్నట్టు అనిపించింది. అప్పుడు అడిగింది.

"పిలిస్తె వచ్చేటోడా?"

ఆ ప్రశ్నకు కూడా అబద్ధం చెప్పవచ్చు. రాకపోయేవాడు, అప్పటికే చెయ్యి దాటిపోయాడు అంటే ఆమెకు కొంచెం ఊరట, నాకూ కొంచెం ఊరట. ఆమె కళ్లు నా మొహం మీది నుంచి కదలడం లేదు.

"వచ్చేటోడు" అన్నాను. "నా మాట ఎన్నడు జవదాటలే వాడు."

ఆమె ఏడవలేదు. తిట్టి ఉంటే బాగుండునని ఇప్పటికీ అనుకుంటాను. లోపలికి వెళ్లింది. స్టవ్ ఆర్పిన చప్పుడు వినిపించింది. బయటికి వచ్చి చాట ఒళ్లోకి తీసుకుంది, ఒక ఆకు తీసి పొగాకు పోసింది, చుట్టింది, దారం కట్టింది. తల ఎత్తకుండానే అంది.

"రెండు గంటలకు కరీంనగర్ బస్సున్నది. ఇప్పుడు పోతె దొరుకుతది."

ఆ గడపలోంచి అన్నం తినకుండా రావడం నాకు అదే మొదటిసారి.